గోచరము

ధ్యానభాగములు: లేవీయకాండము 25:23–34, సంఖ్యాకాండము 35:1–5, యోహాను 10:1–10



గడచిన వేసవిలో ఒక సాయంకాలము మేము మందిరపు అరుగుమీద కూర్చుండి ఆదివారపు ప్రసంగమును సిద్ధపరచుకొనుచుండగా, మన సంఘములోని వృద్ధురాలైన ఒక విధవరాలు చేత కాగితము పట్టుకొని వచ్చెను. ఆమెకు నాలుగు మేకలు గలవు. మనుమరాలి చదువుకును తన మందులకును ఆమె ఆ మేకలమీదనే ఆధారపడియున్నది. మన వాడ వెనుకనున్న మేతబీడు నానాటికి తరిగిపోవుచున్నదని ఊరివారు కొందరు తహసీల్దారుగారికి అర్జీ వ్రాయించి, ఇంటింటికి తిరిగి సంతకములును వేలిముద్రలును తీసికొనుచుండిరి. అర్జీ వ్రాసినవాడు చదువుకొన్నవాడు. బీడు అని వ్రాసిన బాగుండదని తలంచి "గోచర భూమి" అని వ్రాసెను.

ఆమె మాతో, "అయ్యగారూ, వేలిముద్ర వేసేముందు ఒక మాట అడిగిపోదామని వచ్చాను. ఇందులో గోచరం, గోచరం అని చదివారు. గోచరమంటే కంటికి కనబడేది కదా? ప్రార్థనలో మీరు దేవుణ్ణి అగోచరుడా అంటారు. కనబడనివాడని మీరే చెప్పారు. మరి మా మేకల బీడు కనబడుతున్నదని రాశారా, కనబడకుండా పోయిందని రాశారా?" అనెను.

మేము నవ్వితిమి. పెద్దమ్మా, ఇది వేరే మాట, గోచరమనగా ఇక్కడ పశువుల మేత భూమి అని చెప్పి పంపితిమి. ఆమె వేలిముద్ర వేసి వెళ్లెను. కాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. వేరే మాట అని మేము చెప్పినది నిజము కాదు. అది ఒకటే మాట. ఆమె అడిగిన ప్రశ్నకు మేమివ్వవలసిన ఉత్తరువు మరియొకటి యుండెను, దానిని మేము దాచితిమి. ఆ ఉత్తరువును ఈ నెల పత్రికలో మీయందరి యెదుట వ్రాయుచున్నాము.

1. కన్ను మేయు చోటు

'గో' అనగా ఆవు. 'చరము' అనగా తిరుగుట. ఆవులు తిరిగి మేయునంత మేర గోచరము. ఇది ఆ మాటకు మొదటి అర్థము. పూర్వులు ఈ మాటను పశువుల కాపరులయొద్ద నుండి తీసికొని మనుష్యుని ఇంద్రియములకు చెప్పిరి. ఆవు తిరుగునంత మేర ఆవుకు గోచరమైనట్లు, కన్ను తిరుగునంత మేర కంటికి గోచరము, చెవి వినునంత మేర చెవికి గోచరము. ఇంద్రియములు చేరలేని చోటు అగోచరము. కావున మనము ప్రార్థనలో దేవుని అగోచరుడని పిలుచునప్పుడు, ఎరుగకయే మేతబీడు మాటను నోట పలుకుచున్నాము.

ఇట్టి మాటలు ఇంకను గలవు. పరిశోధనకు 'గవేషణ' అందుము. అది మొదట తప్పిపోయిన ఆవును వెదకుట. పండితులు కూడి మాటలాడుకొనుటకు 'గోష్ఠి' అందుము. అది ఆవుల కొట్టమునకు పేరైన గోష్ఠమునుండి పుట్టినది. పల్లెలో పుట్టిన మాటలు పట్టణమునకు పోయి పెద్ద వస్త్రములు ధరించుకొన్నవి.

అయితే అదే నేలకు వాడుకలోనున్న పేర్లను చూడుడి. మన పల్లెలలో బీడు, మేతబయలు అందుము. తెలంగాణ ప్రాంతపు లెక్కలలో బంచరాయి అనియు, గైరాన్ అనియు కనబడును. ఆంధ్ర ప్రాంతపు లెక్కలలో మేత పోరంబోకు అని యుండును. పోరంబోకు అరవదేశమునుండి మద్రాసు కాలపు రెవెన్యూ లెక్కలద్వారా మనకు వచ్చిన మాట. వెలుపలికి విడువబడినదని దాని భావము. అనగా ప్రభుత్వమువారు శిస్తు వేయక ఊరి ఉమ్మడి అవసరములకు విడిచిపెట్టిన నేల. ఇప్పుడా మాట ఏ గతికి వచ్చినదో మీరెరుగుదురు. పనీపాటా లేక తిరుగువానిని తిట్టవలెనన్న పోరంబోకు అని తిట్టుదుము. ఒకే నేలకున్న రెండు పేర్లలో ఒకటి పైకెక్కి దేవుని నామములలో చేరెను. రెండవది క్రిందికి దిగి తిట్టు ఆయెను.

ఎందుకిట్లాయెను? ఒక మనిషి పేరున పట్టా లేని నేలను మనము నేలగా లెక్కించము. అందరిదైనదానిని ఎవరిదీ కాదందుము. ఎవరిదీ కాదనినవెంటనే, మనది చేసికొనుటకు మనస్సు సిద్ధపడును.

ఇందులో కంటి పాపము మొదటిది. కన్ను కూడ మేయు జంతువే. కట్టివేయనియెడల అది కంచె దాటి మేయును. ఆకాను దోపుడుసొమ్మును మొదట చూచెను, పిమ్మట ఆశపడెను, ఆ తరువాత చేయి చాపెను (యెహోషువ 7:21). అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను ఎందుకు కోరెను? అది అతని నగరును ఆనుకొని యుండెను; అక్కడ కూరతోట వేసికొనవలెనని అతని కోరిక (1 రాజులు 21:2). రాజునకు కూరలు దొరకక కాదు. దినమంతయు ఆ తోట అతని కంటికి గోచరమగుచుండెను, అంతే. కూరతోట కొరకు పుట్టిన ఆశ ఒక నిరపరాధి రక్తముతో ముగిసెను.

అబ్రాహాము కన్ను అట్లు మేయలేదు. ఆదికాండము 13వ అధ్యాయములో వచ్చిన తగవు మేత తగవే. మందలు పెరిగెను, నేల చాలలేదు, కాపరులు కాపరులతో కలహించిరి. పినతండ్రియైన అబ్రాహాము పెద్దవాడు. మొదట కోరుకొనుటకు హక్కు గలవాడు. అయినను ముందుగా కోరుకొనుమని లోతుకు చెప్పెను. లోతు కన్నులెత్తి, నీళ్లు పారు ప్రదేశమును చూచి దానినే కోరుకొనెను. అబ్రాహాము మిగిలినదానిని తీసికొనెను. లోతు వెళ్లిపోయిన తరువాతనే, కన్నులెత్తి చూడుమని దేవుడు అబ్రాహాముతో చెప్పెను. మన కన్నులను మనమే ఎత్తుకొనుట ఒకటి, దేవుడు చెప్పినప్పుడు ఎత్తుట మరియొకటి.

2. తోలబడిన చోటు

హెబ్రీ భాషలో మేత భూమికి అనేక మాటలు గలవు. వాటిలో ధర్మశాస్త్రము వాడిన లెక్కల మాట ఒకటి గలదు. అది 'మిగ్రాష్'. లేవీయులకు మిగిలిన గోత్రములవలె స్వాస్థ్యము లేదు. వారు కాపురముండుటకు 48 పట్టణములును, ఒక్కొక్క పట్టణము చుట్టు మిగ్రాష్ అను మేత భూమియు ఇయ్యవలెనని దేవుడు ఆజ్ఞాపించెను (సంఖ్యా 35; యెహోషువ 21). ఆ భూమికి కొలతలు కూడ వ్రాయబడినవి: గోడనుండి వెలుపలికి 1000 మూరలు, ఒక్కొక్క ప్రక్కన 2000 మూరలు. మూర అడుగున్నర అనుకొనినయెడల 1000 మూరలు 1500 అడుగులగును. అనగా ఊరి చివరి ఇంటినుండి మేకలను తోలుకొనిపోవు ముసలిది కూడ అలయకుండ నడువగల దూరము. పశువులు, మందలు వీటి కొరకే ఆ నేల అని ధర్మశాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది.

ఆ నేలకు ఒక కట్టడ గలదు. లేవీయుడు తన ఇంటిని అమ్ముకొనవచ్చును, తరువాత విడిపించుకొనవచ్చును. కాని పట్టణపు మేత భూమిని అమ్మకూడదు (లేవీ 25:34). కష్టకాలము వచ్చినను, అప్పులున్నను, కొనువాడు మంచి వెల ఇచ్చెదనన్నను అమ్మకూడదు. నేటి యజమానుడు దానిని అమ్మినయెడల రేపు పుట్టువారి పశువులు ఎక్కడ మేయును? ఆ అధ్యాయములోనే దేవుడు భూమి తనదని చెప్పి, మనుష్యులు తనయొద్ద కాపురమున్న పరదేశులని చెప్పెను (లేవీ 25:23). మనిషి పేరున పట్టా లేని నేల దేవుని పట్టాలోనిది. ఆ పట్టాను మనము చదువలేకపోవుటచేత అది ఎవరిదీ కాదనుకొనుచున్నాము.

ఇంకొక సంగతి చూడుడి. మిగ్రాష్ అను మాట వెళ్లగొట్టు, తోలు అను అర్థమిచ్చు 'గారాష్' అను ధాతువునుండి వచ్చినదని పండితులు అనేకులు చెప్పుదురు. పశువులను ఊరి వెలుపలికి తోలు చోటు గనుక మిగ్రాష్ అయ్యెను. ఈ గారాష్ అను క్రియ బైబిలులో ఎక్కడెక్కడ వచ్చునో తెలిసికొనినయెడల మన గుండె నీరగును. దేవుడు ఆదామును ఏదెనునుండి వెళ్లగొట్టినప్పుడు అదే మాట (ఆది 3:24). తాను నేలమీదనుండి వెళ్లగొట్టబడితినని కయీను మొరపెట్టినప్పుడు అదే మాట (ఆది 4:14). హాగరును ఆమె కుమారుని వెళ్లగొట్టుమని శారా పలికినప్పుడు అదే మాట (ఆది 21:10).

ప్రియులారా, వెలుపలికి తోలబడుట యేమో మన పెద్దలకు ఒకరు చెప్పనక్కరలేదు. మన వాడలు ఎక్కడ కట్టబడినవి? ఊరి వెలుపల. మన సమాధుల తోటలు ఎక్కడ ఉన్నవి? వాడకును వెలుపల. మేతబీడు ఎక్కడ ఉన్నది? ఆ ప్రక్కనే. మనుష్యులు వద్దనినవారిని, వద్దనినవాటిని తోలివేసిన చోటు అది. అయితే దేవుడు ఆ మాటనే తీసికొని, తోలబడిన చోటునే పచ్చికగా చేసి, దానికి మూరలు కొలిపించి, అమ్మకూడదని ముద్ర వేసెను. వెళ్లగొట్టబడినవారి చోటు ఆయన లెక్కలలో కొలత గల చోటు. మన ప్రభువు కూడ గవిని వెలుపలనే శ్రమపడెనని హెబ్రీ పత్రిక 13:12 చెప్పుచున్నది. వెలుపలి నేలను పోరంబోకు అని తీసివేయువాడు తన రక్షకుడు నిలిచిన నేలను తీసివేయుచున్నాడు.

మిగ్రాష్ అను మాట యెహెజ్కేలు గ్రంథములో మరియొకచోట వచ్చును. క్రొత్త పరిశుద్ధస్థలమునకు ఎల్లలు నిర్ణయించునప్పుడు, దాని చుట్టు 50 మూరల ఖాళీ నేల విడువవలెనని దేవుడు చెప్పెను (యెహెజ్కేలు 45:2). ఆ ఖాళీ నేలకును అదే పేరు. అనగా దేవుని ఆలయము కూడ తన ప్రక్కనున్న నేలమీదికి ప్రాకకూడదు. ఈ వచనము చదివిన దినమున మేము పుస్తకము మూసివేసితిమి, ఏలయనగా ఇది మామీదికే వచ్చెను.

3. పంచబడిన మేత

ఇప్పుడు మేము దాచిన ఉత్తరువు చెప్పెదము.

మూడు సంవత్సరముల క్రిందట మన సమాధుల తోటకును బీడుకును మధ్యనున్న హద్దురాళ్లను సంఘపెద్దలును మేమును కలిసి బీడులోనికి జరిపితిమి. సుమారు అరయెకరము కలిసివచ్చెను. ముళ్లకంచె వేసి నిమ్మమొక్కలు నాటితిమి. మందిరపు కప్పు మరమ్మతునకు ఆదాయము రావలెనని మా తలంపు. దేవుని పనికే గదా అనుకొంటిమి. రాళ్లు పాతిన దినమున ప్రార్థన చేసినవారము మేమే. ఇరుగుపొరుగువారి పొలములో మేము ఒక్క గట్టు కూడ జరిపియుండము. ద్వితీయోపదేశకాండము 27:17 లోని శాపము మాకు తెలియును. బీడు మాత్రము పొరుగువాని పొలమని మాకు తోచలేదు. ఏ పొరుగువాని పేరును అక్కడ లేదు గదా!

ఆ తరువాతి సంవత్సరము మరి ఇద్దరు కంచెలు వేసిరి. అడిగినవారికి వారు చెప్పిన జవాబు ఇది: "అయ్యగారే పాతారు, మాకేమి?" మన తెలుగువారి సామెత ఒకటున్నది, కంచే చేను మేసినట్లు. ఊరికి కంచెగా నుండవలసిన సంఘము మేయుటకు మొదలుపెట్టిన తరువాత చేను ఎట్లు మిగులును?

ఆ విధవరాలు తెచ్చిన అర్జీలో ఆక్రమించినవారి పేర్లు వరుసగా వ్రాయబడియుండెను. సంఘము పేరు అందులో లేదు. మనమీది మర్యాదచేత వ్రాయలేదు. ఆమె మేకలు పూర్వము మన కంచె ఉన్నచోటనే మేసెడివి. అయినను ఆమె మమ్మును గూర్చి ఒక్క మాట పలుకలేదు. బీడు కనబడుతున్నదా, కనబడకుండా పోయిందా అని మాత్రమే అడిగెను. ఆమె అమాయకముగా అడిగెనో, తెలిసి అడిగెనో మేము నేటివరకు అడుగలేదు.

క్రొత్త నిబంధనలో మేతకు గ్రీకు మాట 'నొమే'. యేసుప్రభువు తాను గొఱ్ఱెల ద్వారమని, తన ద్వారా ప్రవేశించువాడు లోపలికి పోవుచు బయటికి వచ్చుచు మేత కనుగొనునని చెప్పినప్పుడు (యోహాను 10:9) ఈ మాట వచ్చును. పంచిపెట్టుట అను భావముగల క్రియనుండి ఇది పుట్టినది. ఆజ్ఞ, కట్టడ, ధర్మశాస్త్రము అను అర్థమిచ్చు 'నొమొస్' అను మాటయు ఆ కుటుంబములోనిదే. మేత అనగా పంచబడినది. ధర్మము అనగా ఆ పంపకము నిలుచునట్లు చేయునది. పంపకము తప్పినచోట ధర్మము ఉండదు, మేతయు ఉండదు.

నొమే అను మాట క్రొత్త నిబంధనలో రెండేసారులు వచ్చును. ఒకటి ప్రభువు నోట, మేత అని. రెండవది 2 తిమోతి 2:17 లో, కొరుకుపుండు దేహములో మేయుచు ప్రాకుటను గూర్చి. అదే మాట! గొఱ్ఱె పచ్చికలో మేయుటయు, పుండు మాంసములో మేయుటయు ఒకే మాటతో చెప్పబడినవి. భేదమేమి? గొఱ్ఱె తన వంతు మేసి కదలిపోవును. మరునాడు పచ్చిక మరల మొలచును. పుండు కదలిపోదు, ప్రక్కనున్నదానిని కూడ తనలో కలుపుకొనును. మనము ఉమ్మడి నేలమీద ఏ విధముగా మేయుచున్నాము? ఈ ప్రశ్నను ఒక్కొక్కరు తమ కంచెయొద్ద నిలిచి అడుగుకొనవలెను. మంచి మేత మేసి, మిగిలినదానిని కాళ్లతో త్రొక్కి, తేటనీళ్లు త్రాగి మిగిలిన నీళ్లను కలకచేయు బలసిన గొఱ్ఱెలను గూర్చి యెహెజ్కేలు 34వ అధ్యాయములో దేవుడు తీర్పు చెప్పెను. ఆ తీర్పు కాపరులతో మొదలగుచున్నదని మరువకూడదు.

గుడ్డివాడై పుట్టి చూపు పొందినవానిని సమాజమందిరపువారు వెలివేసిరి (యోహాను 9:34). తరువాతి అధ్యాయములోనే, మంచి కాపరి తన గొఱ్ఱెలనన్నిటిని వెలుపలికి నడిపించునని ప్రభువు చెప్పెను (యోహాను 10:4). రెండుచోట్లను గ్రీకులో క్రియ ఒకటే. వారు వెలివేయుటకు తోలిరి, ఈయన మేపుటకు తోలెను. పచ్చిక వెలుపలనున్నది; కాపరి ముందుగా నడచుచున్నాడు.

సంఘకూటములో జరిగినది

మేము ఈ సంగతిని సంఘకూటములో పెట్టితిమి. మాటలు తేలికగా సాగలేదు. ఒక పెద్ద లేచి, "పదేసి ఎకరాలు కలుపుకొన్నవారిని ఎవరూ అడగరు. మన అరయెకరమే అందరి కంటికి కనబడిందా?" అనెను. అతడు చెప్పినది అబద్ధము కాదు. బలవంతుని కంచెను చూచి లోకము మౌనముగా నుండును, బీదవాని పందిరిని చూచి చట్టము చదువును. కాని పొరుగువాడు ఎక్కువ దొంగిలించుటచేత మన దొంగతనము చిన్నదగును గాని నీతి కాదు.

మరియొక యౌవనుడు ఇంకను బరువైన ప్రశ్న వేసెను. "అయ్యగారూ, మనలో ఎంతోమందికి సెంటు భూమి లేదు. భూమి లేనివాడు ఆ బీడులో బ్రదుకుతెరువు వెదకుకొంటే అదీ పాపమేనా?" దీనిని తేలికగా త్రోసివేయకూడదు. 2011వ సంవత్సరము జనవరి 28న సుప్రీము కోర్టు, పంజాబులో ఒక గ్రామపు చెరువు ఆక్రమణను గూర్చిన వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, ఊరుమ్మడి భూములను ఆక్రమణలనుండి విడిపించి గ్రామమునకు అప్పగించుటకు పథకములు సిద్ధపరచవలెనని రాష్ట్ర ప్రభుత్వములన్నిటిని ఆదేశించెను. చాలకాలమునుండి అనుభవించుచున్నామనుటయు, కట్టడములకు చాల ఖర్చుపెట్టితిమనుటయు సాకు కాదని చెప్పెను. అయితే భూమిలేని కూలీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ప్రభుత్వ ఉత్తరువు ప్రకారము ఇచ్చిన కౌలువంటివాటికిని, ఆ నేలమీద ముందే బడిగాని వైద్యశాలగాని యున్నచోట్లకును మినహాయింపు ఉండవచ్చునని ఆ తీర్పులోనే యున్నది.

కావున మేమిచ్చిన జవాబు ఇది. భూమి లేనివాడు పట్టపగలు అర్జీ పెట్టుకొని, ఊరందరి యెదుట భూమి అడుగుట పాపము కాదు. అది అతని హక్కు, ఆ అర్జీ వ్రాయుటకు మేము సహాయపడుదుము. రాత్రివేళ రాయి జరుపుట వేరు. మనము బీదలము గనుక జరిపితిమని చెప్పుకొనుచుందుము గాని, ఆ రాయి ఎవరి మేతమీద పడుచున్నది? పదియెకరముల ఆసామి ఆవులకు ఇంటియొద్దనే గడ్డివాము ఉన్నది. బీడు తరిగినప్పుడు మొదట ఆకలిగొనునవి విధవరాలి మేకలే. బీదవాని పేరు చెప్పి బీదరాలి మేతను తీసికొనుట న్యాయము కాదు.

మేము మా తప్పును ఆ కూటములో ఒప్పుకొంటిమి. రెండవ కూటమునకు పెద్దలలో ఎక్కువమంది సమ్మతించిరి. ఒక శనివారము ఉదయమున యౌవనులతో కలిసి ముళ్లకంచె తీసి, రాళ్లను పాత చోట పాతితిమి. నిమ్మమొక్కలను పెరికి మందిరపు ఆవరణములో నాటితిమి, సగమే బ్రదికినవి. మందిరపు కప్పు ఈ వానకాలము కూడ రెండుచోట్ల కారినది. సమ్మతింపని పెద్ద ఒకరు ఆదివారము ఆరాధనకు వచ్చుట మానివేసెను. ఆయన ఇంటికి మేము మూడుసారులు వెళ్లితిమి, ఇంకను వెళ్లుదుము. ఆయన మనస్సు నొచ్చుటకు మొదటి కారకులము మేమే. రాళ్లు జరుపు దినమున ప్రార్థన చేసి, ఇప్పుడు అది తప్పనుచున్నాము గదా.

మిగిలిన కంచెలు ఇంకను అట్లే యున్నవి. అర్జీకి జవాబు ఇంకను రాలేదు. మనము తీసినందున అందరును తీసిరని వ్రాయగలిగినయెడల ఈ పుట ముచ్చటగా నుండును గాని అది నిజము కాదు. నిజమైనది ఇంతే: ఆ అరయెకరములో తొలకరికి గడ్డి మొలచినది. నాలుగు మేకలు అక్కడ మేయుచున్నవి. ఇప్పుడు మేము ఊరిలో ఎవరితోనైనను బీడును గూర్చి మాటలాడునప్పుడు మా తల వంగదు.

సంఘములకు మూడు మాటలు

మొదటిది. మీ గ్రామములో మేతకు విడిచిన నేల ఏ సర్వే నంబరులో, ఎంత విస్తీర్ణములో నున్నదో రెవెన్యూ లెక్కలలో అడిగి తెలిసికొనుడి. 1984కు ముందు కరణములున్న కాలములో మన పెద్దలకు ఆ లెక్క నోటికి వచ్చెడిది. ఇప్పుడు మన యౌవనులు చదువుకొన్నవారు. ఈ పని వారు చేయగలరు. తెలియని హద్దును ఎవరును కాపాడలేరు.

రెండవది. మందిరమునకు, సమాధుల తోటకు, పాదిరిగారి ఇంటికి చేరియున్న హద్దులను సంఘపెద్దలు ఒకసారి నడిచి చూడుడి. దేవుని పేరుతో జరిపిన రాయి ఉన్నయెడల దానినే మొదట వెనుకకు తీయుడి. ఇతరుల కంచెలను గూర్చి ఆ తరువాత మాటలాడుదము.

మూడవది. పశువులను మేపు పిల్లలను, ముసలివారిని చులకనగా చూడకుడి. పోరంబోకు అను తిట్టును మన నోటనుండి తీసివేయుదము. అది అందరికొరకు విడువబడిన నేల పేరు. దావీదును దేవుడు గొఱ్ఱెల వెంబడి తిరుగు మేతచోటునుండి పిలిచి తీసికొనెనని 2 సమూయేలు 7:8 లో వ్రాయబడియున్నది.

ఆ వృద్ధురాలు గడచిన ఆదివారము ఆరాధన తరువాత మమ్మును కలిసికొనెను. "అయ్యగారూ, ఇప్పుడు కనబడుతున్నది," అనెను. ఇంకేమియు చెప్పక మనుమరాలి చేయి పట్టుకొని వెళ్లిపోయెను. గోచరమను మాటకు ఆమె చెప్పిన అర్థమే సరియైనది. అందరిదైన నేలను దేవునిదిగా చూచు కన్ను కలిగినప్పుడే అది మనకు గోచరము. ఆ కన్ను లేనియెడల అది మన యెదుటనే యుండి కనబడకుండ పోవును.

ప్రార్థింతము. అగోచరుడవైన తండ్రీ, వెలుపలికి తోలబడిన మమ్మును నీ పచ్చికకు తెచ్చితివి గనుక నీకు స్తోత్రము. మా కన్నులను నీ హద్దులలో మేపుము. మేము జరిపిన రాళ్లను మేమే తీయుటకు బలము దయచేయుము. మా మధ్యనున్న విధవరాండ్రకును, భూమిలేనివారికిని, నోరులేని పశువులకును నీవు విడిచిన నేల నిలిచియుండునట్లు మమ్మును కంచెగా నిలువబెట్టుము. మంచి కాపరియైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.